చిలక ముక్కు: పెరుగుదల, అరుగుదల

చిలక వడ్లగింజను ఒలిచే తీరు దగ్గర నుంచి చూడదగ్గది. ముందు నాలుక మొనతో గింజను ఎత్తి, పై ముక్కు లోపలి వైపున్న గరుకు గీతలకు ఆనిస్తుంది. కింది ముక్కు అంచు ఉలిలా వచ్చి పొట్టు అతుకు మీద పడుతుంది. నాలుక గింజను తిప్పుతూ ఉంటే పొట్టు చిట్లి పక్కలకు రాలిపోతుంది, బియ్యపుగింజ ఒక్కటే లోపలికి పోతుంది. ఇదంతా రెండు మూడు సెకన్ల పని. మిల్లులో రబ్బరు రోళ్లు చేసే పనే ఇది, కాకపోతే నూకలు రావు.

ఇంత పని చేసే ఆ ముక్కు లోపల ఎముక ఉంటుంది. దాని మీద తొడుగులా కెరాటిన్ పొర ఉంటుంది. మన గోళ్లు, గేదె కొమ్ము మీది తొడుగు తయారయ్యేది కూడా కెరాటిన్‌తోనే. ఎముకకూ తొడుగుకూ మధ్య రక్తనాళాలు, నాడులు ఉన్న పల్చటి పొర ఉంటుంది. ముక్కు కొస దగ్గర స్పర్శ తెలిపే నాడులు గుంపుగా చేరి ఉంటాయి. అందుకే చిలక కొత్త వస్తువు దేన్నయినా ముందు ముక్కుతో తడిమి చూస్తుంది. మనిషి నోట్లో కదిలేది కింది దవడ ఒక్కటే. చిలకకు పై ముక్కు కూడా పుర్రెకు కీలు వేసినట్టు అమరి ఉంటుంది కాబట్టి పైకీ కిందికీ ఆడుతుంది. ఆ ముక్కుతోనే పంజరం ఊచలు పట్టుకుని ఎగబాకుతుంది. చిలకకు ముక్కు మూడో కాలు కూడా.

కెరాటిన్ తొడుగు చిలక బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటుంది, అరుగుతూనే ఉంటుంది. కొయ్య కొరికినప్పుడు, గట్టి కాయ పగలగొట్టినప్పుడు, తిన్న తర్వాత ముక్కును కొమ్మకు రుద్దుకున్నప్పుడు కొంత అరుగుతుంది. నిద్రకు ముందు కింది ముక్కును పై ముక్కు లోపలి గీతలకు నూరుకుంటుంది. చీకట్లో కిర్రుకిర్రుమని వినిపించే ఆ చప్పుడు జబ్బు కాదు, పిట్ట నిబ్బరంగా ఉందనడానికి గుర్తు. ముక్కు మరీ పొడవైందంటే అరగడం తగ్గి ఉండాలి, లేదా లోపలి జబ్బు వల్ల పెరుగుదల అదుపు తప్పి ఉండాలి. ఏది జరిగిందో తేల్చుకోకుండా కొస కత్తిరించి ఊరుకోవడం బావినీళ్లు చెడితే చేద మార్చడం లాంటిది.

అసలు ఇంట్లో పెంచుకోదగ్గ చిలకలు ఏవన్నది ముందు తెలియాలి. మెడలో గులాబీ రంగు కంటె ఉండే రామచిలుకను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. ఈ సంగతి చాలా ఇళ్లలో తెలియదు, తెలిసినా పట్టించుకోరు. చిలక జోస్యం చెప్పేవాళ్ల పంజరాల్లో ఉన్నవీ ఎక్కువగా ఈ జాతి పిట్టలే. పంజరం తలుపు తీయగానే బయటికొచ్చి, పేర్చిన కార్డుల అంచులు ముక్కుతో ఒక్కొక్కటే లాగి, ఒకటి పైకి తీసి యజమానికిచ్చి, గింజ అందుకుని లోపలికి పోవడం దాని ముక్కుకు దొరికే పని. రోజంతా అట్ట ముక్కలు లాగినా ముక్కు అరగదు. కొరకడానికి కొయ్య ఉండదు, తినడానికి ఒకే రకం గింజ. దాని ముక్కు పెరిగి వంకరైపోతే ఆశ్చర్యం లేదు.

కృష్ణా డెల్టాలోని బందరులోనో గుడివాడలోనో పెట్‌షాపులో చట్టబద్ధంగా దొరికేవి విదేశీ జాతులు. అందరూ లవ్‌బర్డ్స్ అని పిలిచే చిన్న పిట్టలు చాలావరకు ఆస్ట్రేలియాకు చెందిన బడ్జీలు. అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికావి, కాస్త లావుగా, పొట్టి తోకతో ఉంటాయి. కాకటీల్‌దీ ఆస్ట్రేలియానే. బడ్జీకి, కాకటీల్‌కి నమోదు అక్కర్లేదు. సన్ కనూర్, ఆఫ్రికన్ గ్రే లాంటివి పెంచేవాళ్లు 2024లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేయాలి. ఇక్కడి నుంచి చెప్పేది ఈ పెంపుడు జాతులన్నిటికీ వర్తిస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న ముక్కు నున్నగా, రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది. మూసినప్పుడు పైది కిందిదాని మీద సరిగ్గా కూర్చుంటుంది. శ్రీవిల్లిపుత్తూరు గుడిలో ఆండాళ్ చేతికి రోజూ ఆకులతో, పూలతో ఒక చిలకను కడతారు. దానికి ముక్కుగా పెట్టేది దానిమ్మ పువ్వు. నిగనిగలాడే ముక్కుకు దానిమ్మ పువ్వును మించిన పోలిక దొరకడం కష్టమే. తొడుగు మీద పల్చటి పొట్టు లేస్తే కంగారు పడనక్కర్లేదు, పాత పొర అలాగే రాలుతుంది. కాకటీల్ ముక్కు మీద ఈకల పొడి అంటుకుని బూడిద పూసినట్టు ఉండటమూ మామూలే. ముక్కు మొదట్లో నాసికా రంధ్రాల చుట్టూ మైనం అద్దినట్టుండే మెత్తని చర్మాన్ని కూడా గమనిస్తుండాలి. మగ బడ్జీకి అది నీలంగా ఉంటుంది, ఆడదానికి గోధుమ రంగులోకి తిరుగుతుంది. పెద్దదైన మగ బడ్జీకి నీలం పోయి గోధుమ రంగు వస్తే వృషణాల్లో కణితి ఉందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు.

భయపడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. కొన్ని వారాల్లోనే ముక్కు పొడవైపోవడం, పెళుసుగా మారి అంచులు ఊడిరావడం, తొడుగు లోపల నల్లటి లేదా ముదురు ఎరుపు మచ్చలు కనబడటం, పై ముక్కు ఒక పక్కకు ఒరిగిపోవడం వాటిలో ముఖ్యం. దెబ్బ తగలకుండా నల్లమచ్చలు వచ్చి, ముక్కు కూడా పెరుగుతుంటే ముందుగా అనుమానించాల్సింది కాలేయాన్ని.

కాలేయం చెడటానికి దారి చాలాసార్లు గింజల డబ్బాలోనే మొదలవుతుంది. పొద్దుతిరుగుడు పప్పులో, వేరుశనగ పప్పులో దాదాపు సగం కొవ్వే. అడవిలో పిట్ట రోజూ కిలోమీటర్ల కొద్దీ ఎగిరి ఆ కొవ్వును ఖర్చు చేస్తుంది. రెండడుగుల పంజరంలో కూర్చున్న పిట్టకు ఖర్చు ఎక్కడిది? గిన్నెలో కలగలుపు గింజలు పోస్తే అది పొద్దుతిరుగుడు గింజలన్నీ ఏరుకుని తిని మిగతావి నేల మీదికి విసిరేస్తుంది. పిట్టకు నచ్చిందే పెడుతున్నామని ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. లోపల కాలేయానికి కొవ్వు పట్టి, ముక్కు పెరుగుదల అదుపు తప్పుతుంది. బడ్జీల్లో ఇది మరీ ఎక్కువ.

కృష్ణా డెల్టా వాతావరణం దీనికి ఇంకో చిక్కు తెచ్చిపెడుతుంది. బందరు, దివిసీమ గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. వానాకాలంలో మూత సరిగా లేని డబ్బాలో వేరుశనగ పప్పు, మొక్కజొన్న వారం పది రోజుల్లోనే ముక్కవాసన కొడతాయి. వాటి మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఏ జబ్బో తెలియకుండా చచ్చిపోయాయి. చివరికి వాటికి పెట్టిన వేరుశనగ చెక్కలో బూజు దొరికింది. అఫ్లటాక్సిన్ సంగతి ప్రపంచానికి తెలిసింది అలాగే. అది దెబ్బతీసేది కాలేయాన్నే. బూజు పట్టిన గింజలను కడిగినా, వేయించినా విషం పూర్తిగా పోదు. గింజలు కొద్దికొద్దిగా కొని బిగుతైన డబ్బాలో పోసుకోవాలి, వాసన తేడాగా ఉంటే పారబోయాలి. వాటిని కోళ్లకు వేయడమూ తప్పే.

రోజువారీ మేతకు బడ్జీలకైతే కొర్రలు, సజ్జలు మేలు. వడ్లు డెల్టాలో ఎలాగూ కొరత లేదు. ఇంటి చూరుకు పిచ్చుకల కోసం వరి కంకుల కుచ్చు కట్టే అలవాటు ఇక్కడి పల్లెల్లో పాతదే. అలాంటిదొక చిన్న కుచ్చు పంజరంలో వేలాడదీస్తే పిట్టకు మేతతోపాటు ముక్కుకు పనీ దొరుకుతుంది. పురుగుమందు కొట్టని చేలోదై ఉండాలి, అంతే. అయితే ఏ గింజలోనూ ఎ విటమిన్ గానీ కాల్షియం గానీ చాలినంత ఉండదు. ఎ విటమిన్ తగ్గితే నోటిలోపలి పొర, నాసికా రంధ్రాల లోపలి పొర మందమై పొలుసులు కడతాయి, ముక్కు తొడుగు నాణ్యత పడిపోతుంది, జలుబు లాంటివి పదేపదే వస్తాయి. దీనికి మందుల దుకాణం దాకా పోనక్కర్లేదు. దివిసీమ పెరట్లో మునగచెట్టు లేని ఇల్లు అరుదు. గుప్పెడు మునగాకు రెమ్మలు, ఎర్రగుమ్మడి ముక్క, ఉడికించిన చిలగడదుంప, క్యారెట్, పండిన బొప్పాయి, వేసవిలో మామిడిపండు చెక్క, వీటిలో రోజుకు రెండు రకాలు చాలు. పండుమిరపకాయ కూడా మంచిదే. పక్షుల నోటికి మిరప కారం తగలదు కాబట్టి మనిషి కళ్లనీళ్లు పెట్టుకునే కాయను చిలక నిమ్మళంగా నమిలేస్తుంది. విటమిన్ చుక్కలు మాత్రం డాక్టరు చెప్పకుండా నీళ్లలో కలపకూడదు. ఎ విటమిన్ శరీరంలో నిల్వ ఉండిపోతుంది, ఎక్కువైనా కాలేయానికే చేటు.

గింజలకు అలవాటు పడిన పిట్ట కూరగాయలను మొదట ముట్టదు. పొద్దున్నే ఆకలి మీద ఉన్నప్పుడు పెట్టి, గంట తర్వాత గింజలు వేస్తే రెండు మూడు వారాల్లో దారికొస్తుంది. మొత్తంగా గింజలు ఆపేసి పస్తు పెట్టడం ప్రమాదం, చిన్న పిట్టలు ఒక్కరోజు ఆకలికే నీరసించిపోతాయి. ఉప్పు, నూనె ఉన్న జంతికలు, బజ్జీలు, టీలో ముంచిన బిస్కెట్లు, చాక్లెట్, అవకాడో పెట్టకూడదు. తిరనాళ్లలో అమ్మే పంచదార చిలక కూడా పిల్లల కోసమే.

కాల్షియానికి ఈ తీరంలో దొరికే వస్తువు ఒకటుంది. పెట్‌షాపులో కటిల్‌బోన్ పేరుతో అమ్మే తెల్లటి బద్ద, పచారీ దుకాణంలో సముద్రపు నురుగు పేరుతో దొరికేది, రెండూ ఒకటే. అది నురుగు కాదు, ఎముకా కాదు. కటిల్ ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లో ఉండే పెంకు. చాలావరకు కాల్షియం కార్బొనేట్. మంగినపూడి నల్లమట్టి తీరంలోనో హంసలదీవి దగ్గరో అలలు ఒడ్డుకు తోసిన బద్ద దొరికితే పడవ ఆకారంలో, అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. ఒక వైపు గోరు దిగనంత గట్టిగా, రెండో వైపు గోటితో గీస్తే పొడి రాలేంత మెత్తగా ఉంటుంది. నూనె మరకలు, నల్లటి జిడ్డు ఉన్నవి వదిలేసి తెల్లగా ఉన్నవే తెచ్చుకోవాలి. బకెట్లో మంచినీళ్లు పోసి నాలుగు రోజులు నానబెట్టాలి, నీళ్లు రోజూ మార్చాలి. ఉప్పూ నీచూ పోయాక ఎండలో గలగలమనేదాకా ఎండబెట్టి, మెత్తటి వైపు పిట్టకు ఎదురుగా ఉండేలా తీగతో ఊచలకు బిగించాలి. పిట్ట దాన్ని గీరి గీరి తింటుంది. కాల్షియం అందుతుంది, కొసా కొంత అరుగుతుంది. సముద్రపు నురుగు దొరకనిచోట ఉడికించి ఎండబెట్టిన కోడిగుడ్డు పెంకు పొడి చేసి పెట్టొచ్చు. తాంబూలంలో వేసే సున్నం దీనికి బదులు కాదు, నోరు కాలుతుంది.

తిన్న కాల్షియం ఒంటబట్టాలంటే డి విటమిన్ కావాలి, దానికి ఎండ తగలాలి. అద్దాల కిటికీ లోపలి నుంచి పడే వెలుగు ఈ పనికి సరిపోదు, కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. ఉదయపు ఎండలో అరగంట పంజరాన్ని అరుగు మీద ఉంచితే చాలు. సగం పంజరానికి నీడ ఉండాలి, పిల్లి మీద ఒక కన్ను ఉండాలి.

ముక్కు అరగడానికి కాల్షియం బద్ద ఒక్కటే చాలదు. చిలకకు కొరకడం తిండితో సమానమైన అవసరం. పచ్చి జామకొమ్మ బెరడుతో సహా పెడితే గంటల తరబడి చీలుస్తుంది. వేపకొమ్మ, వెదురు, గింజలు వలిచేసిన మొక్కజొన్న కండె, కొబ్బరి చిప్ప అన్నీ పనికొస్తాయి. ఎండిన తాటిమట్ట ముక్క అంచుల ముళ్లు చెక్కేసి ఇస్తే పీచుపీచుగా లాగేస్తుంది. పొడుగు పీచులు కాలివేళ్లకు చుట్టుకోకుండా ఎప్పటికప్పుడు తీసేయాలి. పిట్ట కూర్చునే దండెం కూడా దుకాణంలో వచ్చే నున్నటి ప్లాస్టిక్ గొట్టం కాకుండా సన్నం లావు కలిసిన సహజమైన కొమ్మ అయితే ముక్కు రుద్దుకోవడానికి పట్టు దొరుకుతుంది. గన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త కొమ్మలు మాత్రం పంజరం దరిదాపుల్లోకి రాకూడదు. గన్నేరు ఆకు కొద్దిగా కొరికినా పిట్ట గుండె ఆగిపోవచ్చు.

పంజరం విషయంలో బందరు గాలి గుడివాడ గాలి కంటే కఠినం. ఉప్పుగాలికి ఇనుప ఊచలు తుప్పెక్కుతాయి, జింకు పూత ఉన్న జాలీ మీద తెల్లటి పొడి పూస్తుంది. పిట్ట రోజంతా ఆ ఊచలను ముక్కుతో పట్టి, నాలుకతో నాకుతుంది. జింకు ఒంట్లో చేరితే పిట్ట మందకొడిగా మారుతుంది, నీళ్లు ఎక్కువగా తాగుతుంది, పల్చటి ఆకుపచ్చ రెట్ట వేస్తుంది. కొత్త జాలీని వినెగర్‌తో, గట్టి బ్రష్‌తో రుద్ది బాగా కడిగి ఎండబెట్టాకే వాడాలి. స్టెయిన్‌లెస్ స్టీలు పంజరం ఖరీదైనా సముద్రం పక్క ఊళ్లలో అదే చివరికి చవక. ఊడొచ్చే పెయింటు, ఊచల మధ్య ముక్కు ఇరుక్కునే సందులు ఉన్న పంజరం ఎంత అందంగా ఉన్నా వద్దు.

బడ్జీలకు వచ్చే ముక్కు జబ్బుల్లో ముఖగజ్జి ఒకటి. కంటికి కనిపించని పురుగు చర్మంలోకి, ముక్కు తొడుగులోకి తొలుచుకుని పోతుంది. నోటి మూలల్లో, నాసికా రంధ్రాల చుట్టూ తెల్లటి పక్కు కడుతుంది. భూతద్దంతో చూస్తే తేనెతుట్టెలా చిన్న చిన్న బెజ్జాలు కనిపిస్తాయి. పట్టించుకోకపోతే ముక్కు శాశ్వతంగా వంకరపోతుంది. మొదట్లోనే చూపిస్తే తేలిగ్గా తగ్గే జబ్బు ఇది. డాక్టరు ఐవర్మెక్టిన్ చుక్క చర్మం మీద వేసి, కొన్నాళ్లకు మళ్లీ వేస్తారు. ఒకే పంజరంలో ఉన్న పిట్టలన్నిటికీ వైద్యం జరగాలి. కొమ్మలు, గూడుకుండలు మార్చేయాలి. డెల్టాలో పాడి ఉన్న ఇళ్లలో గేదెల కోసం తెచ్చిన ఐవర్మెక్టిన్ సీసా ఉండటం మామూలే. దాన్ని పిట్టకు ప్రయోగించే సాహసం చేయకూడదు. గేదె 350 కిలోలు, బడ్జీ 35 గ్రాములు. పదివేల రెట్లు తేడా. సూది మొన మీద నిలిచిన మందు కూడా ప్రాణం తీయగలదు. పక్కు మీద కొబ్బరినూనె, పసుపు మెత్తడం వల్ల పురుగు చావదు సరిగదా, నాసికా రంధ్రాలు పూడుకుపోతాయి.

దెబ్బల్లో మన ఇళ్లకు ప్రత్యేకమైనది సీలింగ్ ఫ్యాను. పంజరం తలుపు తీసే ముందు ఫ్యాను ఆపడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి. లవ్‌బర్డ్స్ ఒకదాని ముక్కు ఒకటి కొరుక్కోవడం కూడా తరచూ జరుగుతుంది. 35 గ్రాముల పిట్టలో ఉండే రక్తం మొత్తం మూడు, మూడున్నర మిల్లీలీటర్లు. అందులో ఏడెనిమిది చుక్కలు పోవడమంటే పదోవంతు పోయినట్టే. అందుకే కారేది చుక్కలే కదా అనుకోకూడదు. పిట్టను పల్చటి బట్టలో చుట్టి, విరిగినచోట మొక్కజొన్న పిండో మైదాపిండో అద్ది, శుభ్రమైన దూదితో కొన్ని నిమిషాలు మెల్లగా నొక్కి ఉంచాలి. ఛాతీ మీద ఒత్తిడి పడకూడదు, పక్షి ఊపిరి ఛాతీ కదలిక మీదే ఆధారపడి ఉంటుంది. రక్తం ఆగాక గాలి ఆడే అట్టపెట్టెలో వెచ్చగా, చీకటిగా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కొస మాత్రమే విరిగితే తొడుగు మళ్లీ పెరుగుతుంది. మొదట్లో, అంటే తొడుగు పుట్టే చోట దెబ్బ తగిలితే అక్కడ గాడి పడి ఉండిపోవచ్చు, లోపలి ఎముక పోతే తిరిగి రాదు. మానేదాకా మెత్తటి అన్నం, ఉడికించి మెదిపిన గుమ్మడి, నానబెట్టి ఉడికించిన పెసలు పెట్టాలి. రోజూ వంటింటి తూకం మీద బరువు చూస్తుంటే పిట్ట నిజంగా తింటోందో, తిన్నట్టు నటిస్తోందో తెలుస్తుంది. చిలకలు జబ్బును దాచుకోవడంలో దిట్టలు.

పెరిగిన ముక్కును గోళ్లకత్తెరతో ఇంట్లో కత్తిరించడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. పెరిగిన తొడుగులోకి రక్తనాళం కూడా కొంత దూరం సాగి ఉంటుంది, బయటికి కనిపించదు. కత్తెర ఒత్తిడికి తొడుగు నిలువునా చీలుతుంది. స్పర్శ నాడులు కొసలోనే ఉన్నాయి కాబట్టి నొప్పి తెలిసిన పిట్ట తిండి మానేస్తుంది. పశువైద్యులు సన్నటి తిరిగే రాయితో కొద్దికొద్దిగా అరగదీస్తారు, మరీ పొడవైతే ఒకేసారి కాకుండా కొన్ని వారాల వ్యవధిలో రెండు మూడు విడతలుగా సరిచేస్తారు. కాలేయం మీద అనుమానం ఉంటే రక్తపరీక్ష, ఎక్స్‌రే అవసరమవుతాయి. బందరు, గుడివాడ, అవనిగడ్డ పశువైద్యశాలలకు వచ్చేవి ఎక్కువగా గేదెలు, మేకలు, కోళ్లు. పక్షిని లోతుగా పరీక్షించాల్సి వస్తే కృష్ణా జిల్లాలోనే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. వెళ్లేటప్పుడు తినే గింజల నమూనా, పంజరం అడుగు కాగితం మీది తాజా రెట్ట వెంట తీసుకెళితే డాక్టరు పని సగం తేలికవుతుంది.

చిలక పిల్లల్లో పై ముక్కు ఒక పక్కకు, కింది ముక్కు మరో పక్కకు తిరిగి కత్తెరలా మారడం చేత్తో తినిపించి పెంచిన పిట్టల్లో కనిపిస్తుంటుంది. ఎప్పుడూ ఒకే పక్క నుంచి చెంచా పెట్టడం కూడా ఒక కారణమంటారు. ముక్కు ఇంకా మెత్తగా ఉన్న వయసులో డాక్టరు చూపినట్టు రోజుకు కొన్నిసార్లు వేలితో సున్నితంగా నొక్కి సరిచేయొచ్చు. గట్టిపడ్డాక కష్టం.

ముక్కు, ఈకల జబ్బు అనేదానికి మాత్రం మందు లేదు. ఇది వైరస్ వల్ల వస్తుంది. ఈకలు వంకరగా వచ్చి రాలిపోతాయి, కొన్ని జాతుల్లో ముక్కు పెళుసై పొరలుగా ఊడుతుంది. రాలిన ఈకల పొడిలో, రెట్టలో వైరస్ చాలాకాలం బతికి ఉంటుంది. ఒక పిట్ట నుంచి ఇంకోదానికి గాలి ద్వారా, గిన్నెల ద్వారా పాకుతుంది. అందుకే కొత్తగా కొన్న పిట్టను పాతవాటితో వెంటనే కలపకుండా కనీసం నెల రోజులు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచుతారు. పాతవాటికి మేత వేసిన తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళతారు, తిరిగి వచ్చేటప్పుడు చేతులు సబ్బుతో కడుక్కుంటారు.